ఆ రెండు సెకన్ల చప్పుడు... విన్నారా?

పాత కారు మొరాయిస్తే అందరూ చెప్పేది ఒకటే... 'ఏదో పార్టు పోయింది, మార్చేయండి' అని. కానీ ఏ పార్టు? అది తెలుసుకోవడానికి ముందు కావాల్సింది డబ్బు కాదు... చెవీ, ముక్కూ, కాస్త ఓపికా!

పొద్దున హైదరాబాద్‌లో తాళం తిప్పగానే స్టార్టయింది. దారంతా చక్కగా నడిచింది. సూర్యాపేటలో ఆపి, టిఫిను తిని, టీ తాగి వచ్చి మళ్లీ తాళం తిప్పితే... సెల్ఫ్ గిర్రున తిరుగుతుందే తప్ప ఇంజిన్ అందుకోదు. వెనక సీట్లో పిల్లలు ఉక్కపోతకి విసుక్కుంటుంటారు. దారినపోయే పెద్దమనిషి ఒకాయన 'బ్యాటరీ డౌనయ్యుంటుంది, తోయండి' అంటాడు. ఇంకొకాయన 'పంపు పోయింది' అని తేల్చేస్తాడు. ఇంతలో ఓ అరగంట గడుస్తుంది. ఆఖరి ప్రయత్నంగా తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు అదే కారు ఠక్కున స్టార్టవుతుంది!

హైదరాబాద్‌కీ విజయవాడకీ దాదాపు నడిమధ్యన ఉండే సూర్యాపేటలో వేసవి వచ్చిందంటే ఇలాంటి దృశ్యాలు మామూలే. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి అది. సంక్రాంతికీ దసరాకీ చీమలబారులా కదిలే ఆ కార్లలో కొత్తవి ఎన్ని ఉన్నా... పదిహేను, ఇరవై ఏళ్లనాటి మారుతీ 800లూ జెన్‌లూ శాంత్రోలూ వ్యాగన్ఆర్‌లూ ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఆ ఇంటికి అదే మొదటి కారు కావచ్చు. ఇప్పుడు అమ్మితే వచ్చేది ఏ యాభైవేలో, అరవైవేలో. అలాంటి బండికి ఒక గ్యారేజీలో పంపు, ఇంకో గ్యారేజీలో సెన్సర్లు, మరో చోట ఏకంగా కంప్యూటరు బాక్సు మార్పించుకుంటూ పోతే... కారు ఖరీదును బిల్లు దాటిపోవడానికి ఎన్నాళ్లో పట్టదు. పోనీ జబ్బు కుదిరిందా అంటే అదీ ఉండదు!

గర్వంగా మూడు... కాదు, నాలుగక్షరాలు
పాత కార్ల వెనక అద్దం కిందో డిక్కీ మీదో 'ఎంపీఎఫ్ఐ' అని మెరిసే అక్షరాలు గుర్తున్నాయా? మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్ అన్నమాట. అంతకుముందు ఇంజిన్‌కి పెట్రోలునీ గాలినీ కలిపి పంపే పని కార్బొరేటర్‌ది. చిన్న స్క్రూడ్రైవర్‌తో, చెవి వాటంతో దాన్ని సరిచేసే మేస్త్రీలు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు. పొగ నిబంధనలు కఠినమయ్యేసరికి దాని రోజులు చెల్లాయి. నిజానికి ప్రపంచంలో ఈ మార్పు మనకన్నా చాలా ముందే మొదలైంది. బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌తో ఫోక్స్‌వ్యాగన్ 1600 కార్లు 1967లోనే అమెరికాలో అమ్ముడయ్యాయి. అక్కడా కారణం కాలుష్య చట్టాలే. మన దగ్గర 1998లో శాంత్రో ఇంజెక్షన్‌తోనే వచ్చింది. సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా ఆగిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు యూరో-1 తరహా ప్రమాణాలు అమలయ్యాయి. దాంతో మారుతీ 800కీ ఇంజెక్షన్ వచ్చేసింది. చివరి 800 ఫ్యాక్టరీ గేటు దాటింది 2014 జనవరిలో. అంటే... 2029 నాటికి దానికీ పదిహేనేళ్లు నిండుతాయి.

ఈ పద్ధతిలో కార్బొరేటర్ చేసే పనిని ముగ్గురు పంచుకున్నారు. పెట్రోలు ట్యాంకులో మునిగి ఉండే కరెంటు పంపు ఇంధనాన్ని ఒత్తిడితో ముందుకు తోస్తుంది. ఆ ఒత్తిడి ఎంతో తెలుసా? కారు టైర్లో మనం కొట్టించే గాలి ముప్ఫై పౌండ్లు. ఈ గొట్టంలో పెట్రోలు చాలా కార్లలో నలభై పౌండ్ల పైనే ఉంటుంది. ఇంజెక్టర్లు ఆ పెట్రోలుని సన్నటి తుంపరలా చిమ్ముతాయి. ఎంతసేపు చిమ్మాలో ఈసీఎం అనే చిన్న కంప్యూటరు చెబుతుంది. ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంగా తిరుగుతోంది, గాలి ఎంత వస్తోంది... అన్నీ దానికి కబురందించేవి సెన్సర్లు. కబురు తప్పయితే నిర్ణయమూ తప్పే!

బానెట్ ఎత్తకముందే...
కారు స్టార్ట్ కాలేదంటే అసలు రెండు రకాలు. సెల్ఫే తిరగకపోవడం ఒకటి. సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోవడం మరొకటి. మెకానిక్‌కి ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్క ముక్క సరిగ్గా చెబితే సగం పని అయినట్టే. మొదటిదైతే అనుమానం బ్యాటరీ మీద, దాని టెర్మినల్స్ మీద పట్టిన తెల్లటి పొడి మీద, వదులైన ఎర్తు తీగ మీద, సెల్ఫ్ మోటారు మీద. రెండోదే అసలు తలనొప్పి.

అప్పుడు చెయ్యాల్సిన తొలి పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఏసీ, పాటలు అన్నీ ఆపేయండి. తాళాన్ని సెల్ఫ్ దాకా తిప్పకుండా 'ఆన్' దగ్గర ఆపి, చెవులు రిక్కించండి. వెనక సీటు కిందనుంచి 'జుమ్‌మ్' అని రెండు సెకన్లపాటు సన్నటి చప్పుడు వచ్చి ఆగిపోవాలి. అది పంపు గొంతు. వినిపించిందా... పంపుకి కరెంటు అందుతోందన్నమాట. వినిపించలేదా... వెంటనే పంపు మార్చేయమని కాదు! ముందు ఫ్యూజు, తర్వాత రిలే. చాలా కార్లలో హారన్‌కో ఫ్యాన్‌కో అదే నంబరున్న రిలే ఉంటుంది. రెంటినీ అటూ ఇటూ మార్చి చూడటం రెండు నిమిషాల పని. ఆ తర్వాత పంపు దగ్గరికి కరెంటు వస్తోందో లేదో, ఎర్తు సరిగ్గా ఉందో లేదో టెస్టు ల్యాంపుతో చూడాలి. కరెంటూ ఎర్తూ రెండూ ఉండి కూడా పంపు మూగగా ఉంటేనే దాని తప్పు.

రెండో పరీక్ష కంటితో. తాళం 'ఆన్'లో ఉన్నప్పుడు మీటర్ల దగ్గర ఇంజిన్ బొమ్మ లైటు వెలగాలి. స్టార్టయ్యాక ఆరిపోవాలి. వెలుగుతూ ఉండిపోతే లోపం ఉందని అందరికీ తెలుసు. అసలు వెలగనే వెలగకపోతే? 'హమ్మయ్య, లోపమేమీ లేదు' అనుకుంటారు చాలామంది. బల్బు పోయి ఉండకపోతే కంప్యూటరుకే కరెంటు అందడం లేదన్నమాట. అంతకన్నా పెద్ద ఆధారం ఏముంటుంది!

ఇక బ్యాటరీ. సెల్ఫ్ తిరుగుతోంది కాబట్టి అది బాగున్నట్టే అనుకోకూడదు. నిండుగా ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది తొమ్మిదిన్నర, పది కన్నా కిందికి పడిపోతే మోటారు ఈడుస్తూనే తిరుగుతుంది కానీ కంప్యూటరుకి మైకం కమ్ముతుంది. మామూలు మల్టీమీటరుతో ఇది తెలిసిపోతుంది. బండి నడుస్తున్నప్పుడు పద్నాలుగుకి అటూ ఇటూగా ఉంటే ఛార్జింగు బాగున్నట్టు.

మరో మాట. సెల్ఫ్ మామూలుకన్నా తేలిగ్గా, ఏ బరువూ లేనట్టు ఒకే తీరున గలగలా తిరుగుతోందా? టైమింగ్ బెల్టు తెగిందేమో చూడాలి. అలాంటప్పుడు పదేపదే సెల్ఫ్ కొట్టడం కొన్ని ఇంజిన్లలో వాల్వులకే ముప్పు.

సూర్యాపేట చిక్కుముడి
మరి మొదట్లో చెప్పుకున్న ఆ కారు సంగతేంటి? చల్లగా ఉంటే స్టార్టవుతుంది, వేడిగా ఉండి కాసేపు ఆపితే కాదు. మెకానిక్‌ని పిలిచేలోపు చల్లబడి మళ్లీ బాగైపోతుంది. అందుకే ఈ జబ్బు గ్యారేజీలో ఓ పట్టాన దొరకదు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. ఇంజిన్ ఆపేయగానే చల్లబడటం మొదలుపెట్టదు. నీళ్లు తిరగడం ఆగిపోతుంది, ఎదురుగాలీ ఉండదు. దాంతో బానెట్ కింద వేడి కాసేపు ఇంకా పెరుగుతుంది. మే నెలలో బయటే నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలు ఉండే చోట లోపల ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. టీ తాగొచ్చే పదిహేను నిమిషాలూ సరిగ్గా ఆ గండమే!

ఆ వేడిలో ముగ్గురి మీద అనుమానపడాలి. మొదటిది... పెట్రోలు గొట్టంలో ఒత్తిడి నిలవకపోవడం. పంపులో ఉండే వన్‌వే వాల్వు అరిగితే పెట్రోలు వెనక్కి ట్యాంకులోకి జారుతుంది. మిగిలింది వేడికి ఆవిరవుతుంది. రెండోది... ఏదో ఒక ఇంజెక్టరు సరిగ్గా మూసుకోక చుక్కచుక్కగా కారడం. అప్పుడు లోపల పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోతాయి. ఇంజిన్ వేడిని కొలిచే సెన్సర్ తప్పు చెప్పినా ఇంతే. మరిగిపోతున్న ఇంజిన్‌ని పట్టుకుని 'చలిగా ఉంది' అంటే కంప్యూటరు పాపం పెట్రోలు దంచికొడుతుంది. మూడోది... క్రాంక్ సెన్సర్. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పేది ఇదే. వేడెక్కితే దీని లోపలి సన్నటి తీగచుట్ట తెగినట్టవుతుంది. చల్లబడగానే అతుక్కుంటుంది.

ముగ్గురిలో దొంగ ఎవరు? ఏ పరికరమూ లేకుండా అక్కడికక్కడే చాలావరకు తేల్చొచ్చు. తాళం 'ఆన్' చేసి, చప్పుడు ఆగాక 'ఆఫ్' చేసి... ఇలా మూడుసార్లు చేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఠక్కున అందుకుంటే ఒత్తిడి జారిపోతోందన్నమాట. అలా చేస్తే లాభం లేకపోగా, యాక్సిలరేటర్‌ని పూర్తిగా కిందికి తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే దగ్గుతూ, నల్లపొగ వదులుతూ స్టార్టయిందనుకోండి... పెట్రోలు ఎక్కువైంది. చాలా కార్లలో యాక్సిలరేటర్ మొత్తం తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటరు పెట్రోలుని ఆపేసి గాలిని మాత్రమే పంపుతుంది. రెండింటికీ లొంగకపోతే, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ కూడా లేకపోతే, క్రాంక్ సెన్సర్ మీద గట్టి అనుమానమే. తడిగుడ్డతో దాన్ని చల్లబరిస్తే బండి లేచిందా... ఇక సాక్ష్యం అక్కర్లేదు. ఆ చెయ్యి పెట్టే పని మాత్రం మెకానిక్‌కే వదిలేయడం మంచిది. వేడి ఇంజిన్ దగ్గర, ఫ్యాన్ బెల్టుల దగ్గర ఆటలు కూడదు.

కోదాడ దారిలో 'పికప్' పోతే
సూర్యాపేట నుంచి విజయవాడ వైపు దాదాపు 45 కిలోమీటర్లు వెళ్తే కోదాడ. వెడల్పాటి రోడ్డు, లారీల వరస. ఎనభైలో ఉన్న కారు లారీని దాటబోతూ యాక్సిలరేటర్ తొక్కితే... ముందుకు దూకాల్సింది పోయి గొంతు పట్టేసినట్టు జర్కులిస్తుంది. ఇది కేవలం చికాకు కాదు, ప్రాణాల మీదికి తెచ్చే లోపం. సగం దాటాక పికప్ పోతే ఎదురయ్యే ప్రమాదం చెప్పక్కర్లేదు. ఈ లక్షణం కనిపించిన రోజున ఓవర్‌టేక్‌లు మానేసి, ఎడమ వరసలో మెల్లగా నడుపుకుంటూ గ్యారేజీకి వెళ్లడమే తెలివైన పని.

దీనికి ఒక చక్కటి గుర్తుంది. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుతూ, వేగం పెరిగాక సర్దుకుంటే... ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి దొంగగాలి లోపలికి పోతోంది. ఆగి ఉన్నప్పుడు నిమ్మళంగా ఉండి, బరువు పడితే చతికిలబడితే... పెట్రోలు చాలడం లేదు. ఫిల్టరు మూసుకుపోయిందో, పంపు నీరసించిందో. పెట్రోలు ఒత్తిడిని గేజి పెట్టి కొలిస్తే, అదీ బండి నడుస్తుండగా కొలిస్తే, తేలిపోతుంది. అదీ బాగానే ఉంటే సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల కరిగి అడ్డుపడిందేమో చూడాలి. ముక్కు మూసి పరిగెత్తమంటే ఎవరు మాత్రం పరిగెత్తగలరు?

పంపు ఎందుకు నీరసిస్తుంది? చాలాసార్లు మన చేతులారా చేసుకున్నదే. ట్యాంకులోని పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. ఎప్పుడూ రిజర్వులోనే తిప్పే అలవాటున్న బండిలో పంపు వేడెక్కి త్వరగా అరుగుతుంది. ఇక ఎల్పీజీ కిట్లు బిగించిన కార్ల సంగతి మరీను. గ్యాసు మీద నడుస్తోంది కదా అని ట్యాంకుని ఎండబెట్టేస్తారు. ఎప్పుడో అవసరమై పెట్రోలుకి మార్చితే పంపు ఉండదు! పైగా ఆ కిట్టు కోసం ఇంజెక్టర్ల తీగలు కోసి అతికించిన టేపులు పదేళ్లకి ఊడి, రోజుకో చోట మిస్సింగ్ కొట్టిస్తాయి.

మిర్యాలగూడ ఎలుకలు
సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి, ఆ వరితో రైస్‌మిల్లులు... మిర్యాలగూడ పేరు చెప్పగానే గుర్తొచ్చేవి అవే. కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు రోడ్ల వెంట బారులు తీరతాయి. ఆ వరసలో ఇరుక్కున్న పాత కారుకి వచ్చే జబ్బు వేరు. ఆగగానే ఆర్పీఎం ముల్లు ఊగిసలాడుతుంది. బ్రేకు వేసి గేరు తీస్తే ఇంజిన్ ఆఫైపోతుంది. ఊకదుమ్ముతో ఎయిర్ ఫిల్టరు నిండిపోవడం, ఆయిలు ఆవిరీ మసీ కలిసి గాలి దారిలో జిగటగా పేరుకోవడం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు కాస్త గాలిని పంపే చిన్న వాల్వు ఆ జిగటలో అతుక్కుపోవడం... ఇవే మామూలు కారణాలు. వీటికి కొత్త పార్టులతో పని లేదు. తగిన క్లీనరుతో శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

అసలు శత్రువు ఇంకొకరున్నారు. గింజ ఉన్నచోట ఎలుక ఉంటుంది. నాలుగు రోజులు కదలని కారు బానెట్ కింద వెచ్చగా కాపురం పెట్టి, తీరిగ్గా తీగలు కొరుకుతుంది. అప్పుడు వచ్చే లక్షణాలకి ఒక పద్ధతంటూ ఉండదు. ఇవాళ మిస్సింగ్, రేపు చెక్ ఇంజిన్ లైటు, ఎల్లుండి అసలు స్టార్టే కాదు. ఒక సెన్సర్ తర్వాత ఒకటి మార్చుకుంటూ పోయేది ఇలాంటి బండ్లకే. మేస్త్రీ ఇంజిన్ని నడుస్తూ ఉంచి తీగల కట్టల్ని, కనెక్టర్లని ఒక్కొక్కటిగా చేత్తో కదిపి చూడాలి. ఎక్కడ కదిపితే ఇంజిన్ తడబడుతుందో అక్కడే ఎలుక పన్ను పడింది. పావుగంట పని. అందుకు వేలల్లో బిల్లు కట్టినవాళ్లు ఊరికొకరు దొరుకుతారు.

స్కానర్ చెప్పేది తీర్పు కాదు
'కంప్యూటర్ పెట్టి చూశాం సార్, ఆక్సిజన్ సెన్సర్ పోయిందని వచ్చింది'... ఈ మాట వినగానే చాలామంది పర్సు తీస్తారు. స్కానర్ అలా చెప్పదు. 'పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నట్టు ఈ సెన్సర్ చెబుతోంది' అంటుందంతే. అది నిజం కూడా కావచ్చు కదా! పగిలిన గొట్టంలోంచి దొంగగాలి పోతున్నా, పెట్రోలు చాలకపోయినా ఆ సెన్సర్ చెప్పేది అదే. జ్వరం ఎక్కువ చూపించిందని థర్మామీటరుని మార్చేస్తామా?

ఇంకో చిక్కు. మన దేశంలో కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. మొబైల్‌కి తగిలించుకునే చవక రీడర్లు అంతకన్నా పాత కార్లతో మాట్లాడకపోవచ్చు. ఆ బండ్లకి కంపెనీ స్కానరో, అన్ని భాషలూ తెలిసిన పెద్ద స్కానరో కావాలి. పాత సుజుకీ తరహా బండ్లలో కొన్నింటికి అదీ అక్కర్లేదు. డయాగ్నోసిస్ కనెక్టర్లో చెప్పిన రెండు పిన్నుల్ని కలిపితే ఇంజిన్ లైటే మినుకుమినుకుమంటూ అంకెలు చెబుతుంది. ఒక మెరుపు, కాస్త ఆగి రెండు మెరుపులు... అంటే 12. లోపమేదీ నమోదు కాలేదని. ఏ పిన్నులో మాన్యువల్లో చూడకుండా తీగ పెడితే మాత్రం కంప్యూటరుకే ఎసరు.

కార్బొరేటర్ రోజుల అలవాట్లు కొన్ని ఈ బండ్లకి విషం. ఏ సిలిండర్ మిస్సవుతోందో చూడ్డానికి నడుస్తున్న ఇంజిన్ మీంచి ప్లగ్గు తీగ పీకడం అందులో ఒకటి. వేల వోల్టుల షాకు సంగతి అలా ఉంచితే, కాయిల్ కాలిపోవచ్చు, కాలని పెట్రోలు వెళ్లి కన్వర్టర్‌ని కరిగించొచ్చు. దాని బదులు ఇంజెక్టరు కనెక్టరు తీసి చూడొచ్చు. ఇంజిన్ తేడా చూపించకపోతే ఆ సిలిండరే పని చెయ్యనిది. స్టార్ట్ కావడం లేదని ఎయిర్ ఫిల్టర్లో పెట్రోలు పోయడం, నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి 'ఆల్టర్నేటర్ బాగుందో లేదో' చూడటం, ఒత్తిడి తగ్గించకుండా పెట్రోలు గొట్టం విప్పడం... వీటిలో ఏది చేసే మేస్త్రీ ఎదురైనా మర్యాదగా తాళాలు వెనక్కి తీసుకోవచ్చు.

ఈమధ్య మరో అనుమానం తోడైంది. 2025 నాటికి బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్‌కి తేమని పీల్చుకునే గుణం ఉంది. లీటరుకి వచ్చే శక్తి పెట్రోలు కన్నా తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికోసం తయారైనవి కావు. బండి నెలల తరబడి కదలకుండా ఉండి స్టార్ట్ కాకపోతే, ట్యాంకు అడుగున చేరిన నీటినీ చూడాలి. గొట్టాలు ఉబ్బాయా, పగుళ్లిచ్చాయా, పెట్రోలు వాసన వస్తోందా... ఏటా వేసవికి ముందు ఒకసారి చూపించుకోవడం మేలు. పెట్రోలు వాసన వస్తున్న కారుని స్టార్ట్ చెయ్యకండి.

మరి బాగుచేయించాలా, వదిలించుకోవాలా? కంప్రెషన్ పరీక్ష చేయిస్తే ఇంజిన్ ఆయుష్షు ఎంతో ఓ అంచనా వస్తుంది. అన్ని సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉంటే సెన్సరుకో పంపుకో ఖర్చుపెట్టడంలో అర్థముంది. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఎన్ని ఎలక్ట్రానిక్ పార్టులు మార్చినా అది బూడిదలో పోసిన పన్నీరే. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ ఖర్చులు కూడా లెక్కలో వేసుకోవాలి.

బండిని గ్యారేజీలో అప్పగించేటప్పుడు ఓ చీటీ మీద నాలుగు ముక్కలు రాసివ్వండి. చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, ట్యాంకులో పెట్రోలు ఎంత, ఇంజిన్ లైటు వెలిగిందా, పంపు చప్పుడు వినిపించిందా, అంతకుముందు వారంలో ఎవరైనా ఏదైనా విప్పారా. మార్చిన పాత పార్టుని తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. కొత్తది వేశాక కూడా అదే లోపం మళ్లీ వస్తే, ఆ పాతదాన్ని ఇంకోచోట మీటరు పెట్టి చూపించుకోవచ్చు.